అమ్మోనియం సల్ఫేటు: దాని గుణములు, వాడుక, భద్రపఱచు విధము

గడచిన తొలకరిలో నొక సహకార సంఘపు గిడ్డంగిని చూడబోవుట తటస్థించినది. తలుపు తీయగానే కన్నులు మండి నీరు కారజొచ్చెను. ఘాటైన వాసన ముక్కునకు సోకి గుమాస్తాగారును నేనును నాలుగడుగులు వెనుకకు వచ్చితిమి. కారణ మేమని వెదకగా, గోడలకు వెల్ల వేయుటకై తెచ్చిన సున్నపు బస్తాలు రెండు అమ్మోనియం సల్ఫేటు మూటల ప్రక్కనే పడియుండెను. రేకుల సందునుండి వాననీరు కారి రెంటిని తడిపినది. తడిసిన సున్నము ఎరువుతో కలసినందున, సంఘమువారు సొమ్ము పోసి కొన్న నత్రజని ఆవిరియై ఆ రేకుల సందుననే వెలికి పోవుచుండెను. మూటలను తొలగించి చూడగా క్రింది సిమెంటు నేల గుల్లబారి, గోటితో గీరిన రాలుచుండెను. నాలుగు మూటలు చెడినవని లెక్కలో వ్రాసికొనిరి. నేలను మరల వేయించుటకైన వ్యయము ఆ నాలుగు మూటల వెలకు మించినది.

"ఇది ఉప్పువంటి వస్తువే గదండీ, దీనికింత జాగ్రత్త యెందుకు?" అని గుమాస్తాగారు నన్నడిగిరి. ఆ ప్రశ్న సమంజసమైనదే. వారికి నిలువుకాళ్లమీద చెప్పిన సమాధానమును ఇచ్చట కొంత విపులముగ వ్రాయుచున్నాను.

ఈ ఎరువు నిజముగ నొక ఉప్పే. అమోనియా యను వాయువును గంధకికామ్లము పీల్చుకొనగా ఏర్పడిన స్ఫటికములివి. కళాయి వేయువారి యొద్ద నుండు నవాసారమును మీరు చూచియుందురు. అదియు అమోనియా ఉప్పే. రెంటికి దాయాదితనము కలదు. నవాసారములో అమోనియాతో క్లోరిను జతగూడి యుండగా దీనిలో గంధకము జతగూడి యున్నది. నేను చదివిన మిషను పాఠశాలలో మా ఉపాధ్యాయులు చిటికెడు నవాసారమును తడి సున్నముతో అరచేత నలిపి, తరగతిలో కునుకుపట్లు పడు పిల్లల ముక్కుకడ నుంచెడివారు. ఆ ఘాటునకు నిద్ర తొలగిపోయెడిది. గిడ్డంగిలో మాకు కన్నీరు తెప్పించినదియు ఆ వాయువే.

మేలైన సరకులో నూటికి 20 పాళ్లకు మించి నత్రజనియు, సుమారు 23 పాళ్లు గంధకమును ఉండును. చూచుటకు పంచదార పలుకులవలె తెల్లగ నుండును. ఇనుము కరగించు కర్మాగారములలో బొగ్గును గాలి తగులకుండ కాల్చి కోకు చేయునపుడు వెలువడు వాయువునుండి తీసిన సరకు కొంచెము బూడిదవన్నెగనో లేత గోధుమవన్నెగనో యుండవచ్చును. రంగునుబట్టి దాని బలము తగ్గదు. ఇది నీట మిక్కిలి సులభముగ కరగును. నూరు పాళ్ల నీటిలో డెబ్బదియైదు పాళ్లవరకు లీనమగును. నిప్పు తగిలిన మండదు, తనంతట తాను ప్రేలదు. తీవ్రముగ కాచినచో మాత్రము విచ్ఛిన్నమై అమోనియా పొగలు గ్రక్కును.

మన వాతావరణమునకు సంబంధించిన గుణ మొకటి ముఖ్యముగ చెప్పదగియున్నది. గాలిలో తేమ నూటికి ఎనుబది పాళ్లకు చేరువ యగువరకు ఈ ఉప్పు చెమ్మను పీల్చదు. యూరియా అంతకన్న ముందే చెమ్మగిల్లును. అందువలన నిలువ యుంచుటలో దీనిదే పైచేయి. అయినను శ్రావణ భాద్రపదములలో కోస్తా జిల్లాల గాలి ఆ ఎనుబది పాళ్ల గీటును తరచుగ దాటుచుండును గనుక, విప్పిన మూట గడ్డకట్టుట వింత కాదు. గడ్డకట్టినంత మాత్రమున సారము పోయినదని తలపరాదు. కొయ్య సుత్తితో చిదుగగొట్టి జల్లెడపట్టి వాడవచ్చును.

యూరియా వ్యాపించుటకు ముందు మన దేశములో నత్రజని ఎరువనిన ప్రధానముగ ఇదియే. తిరువాన్కూరు సంస్థానములో ఆలువా చెంత ఉద్యోగమండలమున స్థాపింపబడిన కర్మాగారము 1947లో దీనిని తయారుచేయ మొదలిడినది. ఆ దినములలో అచ్చట వంటచెఱకునుండి వాయువును తీసి అమోనియాను చేసెడివారనిన నేటివారికి ఆశ్చర్యము గలుగును. సింద్రీ కర్మాగారము 1951లో పని ప్రారంభించి, జిప్సమునుండి ఈ ఎరువును చేయుచు వచ్చి, 2002లో మూతపడినది. మన విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమును కోకు బట్టీలతోబాటు దీనిని ఉపోత్పత్తిగ తీయుటకే యేర్పాటు గలదిగ నిర్మింపబడినది. నైలాను పరిశ్రమకు వలయు ముడిసరకును చేయునపుడు కూడ ఇది వెంబడి వచ్చును.

కొనునపుడు వేయవలసిన లెక్క

ఏబది కిలోల అమ్మోనియం సల్ఫేటు మూటలో నత్రజని పది కిలోలకు కొంచెము పైబడి యుండును. నలుబదియైదు కిలోల యూరియా మూటలో ఇరువది కిలోలకు పైబడి యుండును. అనగా నత్రజనికొఱకే అయినచో రెండు మూటల సల్ఫేటు ఒక మూట యూరియాకు సమానము. రెండు మూటలకు బండి కూలియు, మోత కూలియు, చల్లు కూలియు రెట్టింపగును. యూరియా వెలను ప్రభుత్వమువారు కట్టడి చేసియున్నారు గనుక నత్రజని కిలో యొక్కంటికి సల్ఫేటు వెల యెప్పుడును ఎక్కువయే. యూరియా దొరకని దినములలో "ఏదో యొకటి" యని దీనిని మోసికొని పోవు సభ్యులు ఈ లెక్కను వేసికొనుట లేదు. యూరియాకు బదులు మూటకు మూటగ వేసి, పైరు పచ్చబడలేదని సంఘమును నిందించినవారిని నేనెఱుగుదును. సగము మోతాదు వేసి పూర్తి ఫలమును కోరుట న్యాయము కాదు.

మఱి దీనిని కొనుట యెందుకన్నచో, గంధకము కొఱకు. పైరులో మాంసకృత్తులు ఏర్పడుటకు నత్రజనితోబాటు గంధకమును కావలయును. నూనెగింజలకు మఱింత యవసరము. పూర్వము మన పొలములకు దిబ్బ ఎరువు సమృద్ధిగ పడెడిది. సూపర్ ఫాస్ఫేటుతో గంధకమును వెంట వచ్చెడిది. నేడు గంధకము లేని యూరియాను, గంధకము లేని డి.ఏ.పి.ని మాత్రమే వేయుచు పంటలు తీయుచుండుటచే తేలిక నేలలలో నిలువ తఱుగుచున్నది. అనంతపురము మొదలగు జిల్లాల యెఱ్ఱ నేలలలో వేరుసెనగ వేయువారును, కర్నూలు ప్రాంతమున ఉల్లి వేయువారును దీనిని గమనింపవలెను. ఉల్లి, వెల్లుల్లుల ఘాటు గంధకమువలననే వచ్చుచున్నది.

గంధకలోపమును, నత్రజనిలోపమును చూపులో తారుమారుగ తలచుట సహజము. రెంటిలోను ఆకు పసుపుబాఱును. నత్రజని కొఱవడినపుడు అడుగునున్న ముదురాకు ముందు పండును. గంధకము కొఱవడినపుడు పైనున్న లేతాకు ముందు పాలిపోవును. మొక్కను పెఱికి చేతబట్టుకొని పై ఆకును అడుగాకును పోల్చి చూచినచో నిర్ణయము సులభము. లేతాకు పాలిపోయిన చేనిలో ఎంత యూరియా వేసినను అది తేఱుకొనదు.

వేరుసెనగకు మాత్ర మొక హెచ్చరిక. విత్తునపుడు ఎకరమునకొక మూటకు మించి వేయరాదు. ఆ పైరు తన వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులచే గాలినుండి నత్రజనిని తానే సంపాదించుకొనును. తేరగా దొరకినచో ఆ బుడిపెలు సోమరులగును. మీదుమిక్కిలి కాయకు సున్నపు సారము కావలయును. దానిని ఈ యెరువు ఈయజాలదు. పూతదశలో వేయు జిప్సముచే గంధకమును సున్నపు సారమును రెండును లభించును. కావున వేరుసెనగ రైతునకు జిప్సమే ముఖ్యము, ఇది తోడు మాత్రమే.

కారుచౌడు నేలలలో యూరియాకన్న ఇది మేలు. క్షారము మిక్కుటముగనున్న మట్టికి దీని పులుపు కొంత విఱుగుడగును. నవాసారమునందలి క్లోరిను దీనియందు లేనందున, క్లోరిను సరిపడని పైరులకును వేయవచ్చును.

వరి మడిలో

మన సభ్యులలో హెచ్చుమంది వరి పండించువారే గనుక దీనినిగూర్చి కొంచెము తఱచి చెప్పెదను. నీరు నిలిచిన మడి చూచుటకు ఒక్కటిగ కనబడినను అందు రెండు పొరలు గలవు. పైన వ్రేలి మందము మట్టికి నీటిద్వారా గాలి సోకుచుండును. దాని క్రిందనున్న నల్లని యడుసునకు గాలి సోకదు. అమ్మోనియా రూపముననున్న నత్రజని బంకమట్టి రేణువులను పట్టుకొని నిలుచును. నీటితో తేలికగ కొట్టుకొనిపోదు. ఇది ఈ యెరువునకు గల గొప్ప సుగుణము. కాని పై పొరలోనే మిగిలినచో అచ్చటి సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగ మార్చును. నైట్రేటు మట్టిని అంటియుండదు. నీటితోబాటు క్రింది యడుసులోనికి దిగును. అచ్చట గాలి లేని తావున బ్రతుకు వేఱొక జాతి సూక్ష్మజీవులు దానిని విఱుగగొట్టి వట్టి నత్రజని వాయువుగ చేసి గాలిలోనికి విడిచిపెట్టును. రైతు వేసినది రైతు కన్నుల యెదుటనే పోవును. కంటికి కనబడదు, ముక్కునకు తెలియదు.

జపానుదేశమున షియోయిరి యను శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని పరిశోధించి, ఎరువును మొదటనే అడుసు పొరలోనికి పంపినచో నష్టము చాల తగ్గునని నిరూపించెను. మనము చేయవలసిన పనియు అదియే. దమ్ము చేయునపుడు తుది చాలుకు ముందు వేసి మట్టిలో కలియదున్నవలెను. పైపాటుగ వేయునపుడు మడిలోని నీటిని తీసివేసి, బురదపదునున చల్లి, కలుపు తీయు కూలీల కాళ్లతోనైనను, గుంటకతోనైనను మట్టిలో త్రొక్కించి, ఒకటి రెండు దినములు గడచిన పిదప పలుచగ నీరు పెట్టవలెను. నిండు మడిలో చల్లి, ఆ సాయంకాలమే పొరుగు మడికి గండి కొట్టువారు పొరుగువాని పైరునకు ఎరువు వేసినవారగుదురు. వరుసకు మేనమామయైనను ఆ పుణ్యము దండుగయే.

లెక్క యొకటి చూపెదను. మట్టి పరీక్షనుబట్టి యొక మడికి ఎకరమునకు ముప్పదియొక్క కిలోల నత్రజని కావలెననుకొందము. అంతయు సల్ఫేటుగనే వేసినచో మూడు మూటలు పట్టును. నా మతమున అది అక్కఱలేని ఖర్చు. ఒక మూట సల్ఫేటు, ఒక మూట యూరియా వేసినచో నత్రజని అంతే వచ్చును. ఆ యొక్క సల్ఫేటు మూటలోనే పదునొకండున్నర కిలోల గంధకము ఉండును గనుక ఆ యెకరమునకు ఆ పైరుకు చాలును. సల్ఫేటును దమ్ములోనో నాటిన తొలినాళ్లలోనో వేసి, యూరియాను పిలకలు వేయునపుడు సగమును, చిరుపొట్ట దశలో సగమును వేయవచ్చును. ఈ పద్ధతి ననుసరించిన సభ్యులకు సొమ్ము మిగులును, బస్తాల మోత తగ్గును.

ఈ యెరువు పనికిరాని మళ్లును గలవు. మురుగు పోవు దారిలేక సంవత్సరము పొడుగున నీరు నిలిచి, పచ్చిరొట్టయు గడ్డియు కుళ్లుచుండు లోతట్టు మడులలో గంధకము విషమగును. గాలి లేని ఆ బురదలో సల్ఫేటు మార్పుజెంది, కుళ్లిన గ్రుడ్డు వాసనగల వాయువు పుట్టును. మట్టిలో ఇనుము సమృద్ధిగ నున్నచో అది ఆ వాయువును బంధించి నల్లని పదార్థముగ మార్చి పైరును కాపాడును. ఇనుము తక్కువైన తేలికమట్టిలో వేళ్లు నల్లబడి కుళ్లి, నడి వయస్సువఱకు ఏపుగనున్న పైరు ఈనిక నాటికి క్రుంగిపోవును. కాలు పెట్టగానే బుడగలు లేచి ఆ వాసన వచ్చు మడికి సల్ఫేటు వద్దు. ముందుగ మురుగు కాలువ త్రవ్వుడు, నడుమనడుమ మడిని ఆరబెట్టుడు.

మెట్టపైరులకు వేయునపుడు ఉదయపు మంచు ఆరిన పిమ్మటనే చల్లవలెను. తడి ఆకుమీద పడిన పలుకు కరగి అచ్చటనే ఆకును మాడ్చును. మొక్కజొన్న సుడిలో పడకుండ చూడవలెను. విత్తనమునకు తగులునట్లు చాలులో వేసిన మొలక చచ్చును. రెండంగుళములు ప్రక్కగ, కొంచెము లోతుగ వేసి మట్టి కప్పవలెను. సున్నపురాళ్లుగల నల్లరేగడిలో మట్టి కప్పుట మఱియు ముఖ్యము. ఆ నేల సహజముగ సున్నము గలది గనుక, పైన చల్లి విడిచినచో మా గిడ్డంగిలో జరిగినదే పొలములోను మెల్లమెల్లగ జరుగును.

పులుపు

దీని పెద్ద దోషము నేలను పులియజేయుట. మట్టిలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగ మార్చునపుడు ఆమ్లము పుట్టును. గంధకభాగమును ఆ వైపే మొగ్గును. నూరు కిలోల సల్ఫేటు పుట్టించు పులుపును విఱుచుటకు నూటపది కిలోల సున్నపురాతి పొడి కావలయునని శాస్త్రజ్ఞుల గణితము. మూట యొక్కంటికి ఏబదియైదు కిలోలన్నమాట. ఏటేట ఎకరమునకు మూడు మూటలు వేయు రైతు పదియేండ్లలో పదునాఱు క్వింటాళ్లకు మించిన సున్నపురాతిని తన నేలకు ఋణపడును.

ఇది వట్టి గణితము కాదు. ఇంగ్లండులో రాథమ్‌స్టెడ్డునందు 1856లో ఆరంభించిన గడ్డి మళ్ల పరీక్ష నేటికిని సాగుచున్నది. ఏటేట ఈ యెరువునే వేయుచు సున్నము వేయని మళ్లలో నేల మిక్కిలి పులిసి, గడ్డి జాతులు అనేకము నశించి, రెండు మూడు మాత్రమే మిగిలినవి. వోబర్నులోని ఇసుక నేలలో 1876లో మొదలిడిన గోధుమ, బార్లీ పరీక్షలలో ఫలితము మఱింత కఠినముగ తేలినది. మొదట పైరు బాగుగనే వచ్చినది. కొన్ని యేండ్లకు బార్లీ మొలకయే నిలువని స్థితి వచ్చినది. సున్నము వేసిన చెక్కలలో మరల పండినది. ఆ పరీక్షలను నడిపిన వోల్కరు పండితుడే 1889లో మన దేశమునకు వచ్చి, ఊరూర తిరిగి, భారత వ్యవసాయమునుగూర్చి 1893లో పెద్ద నివేదిక ప్రకటించినవాడు.

డెల్టాలోని రేగడులకు ఈ భయము చాల తక్కువ. వానలు హెచ్చుగ కురియు ఏజెన్సీ కొండప్రాంతపు నేలలకును, పశువుల ఎరువు పడని యెఱ్ఱ యిసుక నేలలకును ఎక్కువ. అట్టివారు మట్టిని పరీక్ష చేయించి, పులుపు కనబడినచో సున్నము వేయవలెను. సున్నమును ఎరువును ఒక్కసారిగ మాత్రము వేయరాదు. సున్నము మట్టిలో కలిసి కొన్ని వారములు గడచిన పిమ్మటనే ఎరువు. దిబ్బ ఎరువు, జీలుగ, జనుము, పిల్లిపెసర విడువక వేయు పొలములలో ఈ పులుపు వేగముగ తల యెత్తదు.

ఎచ్చట నుంచవలెను, దేనితో కలుపరాదు

సున్నముతోగాని, కట్టెల బూడిదతోగాని దీనిని కలుపరాదు. మన యిండ్లలో పొయ్యి బూడిదను ఎరువుతో కలిపి చల్లు ఆచారము గలదు. "చేయి జారకుండ బాగుగ పడును" అందురు. బూడిదయు సున్నమువలె క్షారమే. సమముగ చల్లుటకు మూడింతల పొడిమట్టి కలిపిన చాలును. సూపర్ ఫాస్ఫేటుతోను, పొటాషుతోను కలుపవచ్చును. కలిపినది ఆ దినమే చల్లివేయవలెను.

నూతులలో వేయు బ్లీచింగు పొడిని ఈ మూటల దరికి రానీయరాదు. రెండును తడిసి కలసినచో పుట్టు వాయువులు ఊపిరితిత్తులకు హానికరములు. పంచాయతీవారు తమ బ్లీచింగు డబ్బాలను సంఘపు గిడ్డంగిలో పెట్టుకొనెదమని యడుగుచుందురు. కార్యదర్శిగారు మొగమాటపడక లేదనవలెను.

అమ్మోనియం నైట్రేటు అనునది పేరున దీనికి దగ్గఱయైనను గుణమున వేఱు. జర్మనీదేశమున ఓప్పౌ అను చోట 1921 సెప్టెంబరు 21వ తేదీన జరిగిన ఘోరము దీనికి తార్కాణము. అచ్చటి కర్మాగారమున సల్ఫేటును నైట్రేటును కలిపిన ఎరువు నాలుగువేల టన్నులకు మించి యొక్క కోష్ఠములో రాశిగ నుండెను. అది గడ్డకట్టగా, పనివారు దానిని పగులగొట్టుటకు చిన్న చిన్న డైనమైటు మందుపాతరలు పెట్టుచుండిరి. అంతకుముందు వేలకొలది మారులు అట్లు చేసియు ప్రమాద మెఱుగరు. ఆ దినమున మాత్రము రాశియే ప్రేలి, అయిదువందలమందికి పైగా మరణించిరి. ఊరిలోని యిండ్లు హెచ్చుపాలు నేలమట్టమైనవి. ప్రేలుడునకు బలము నిచ్చినది నైట్రేటు. వట్టి సల్ఫేటునకు ఆ స్వభావము లేదు. కావున సభ్యులు తమ యింటి మూటను చూచి భయపడ నక్కఱలేదు. గడ్డకట్టిన ఏ యెరువునైనను కొయ్య సుత్తితో తప్ప గునపముతోనో నిప్పుతోనో ముట్టరాదనియు, ఒక యెరువుతో వేఱొకటి తెలియక కలుపరాదనియు మాత్రము దీనివలన గ్రహింపవలెను.

గిడ్డంగిలో మూటలను వట్టి నేలమీద పేర్చరాదు. నా కథలోని సిమెంటు నేల ఊరక గుల్లబారలేదు. ఈ యుప్పు కరగిన నీరు సిమెంటును తినివేయుటలో బహు గట్టిది. ఇనుమును త్రుప్పు పట్టించును, ఇత్తడిని చెఱచును. చెక్కదిమ్మెలు పఱచి, గోడకు మూరెడు ఎడముగ పేర్చి, ముందు వచ్చిన మూటను ముందు పంచవలెను. త్రాసు పళ్లెమును, పిచికారిని పని ముగిసిన వెంటనే మంచినీట కడుగవలెను. విత్తనముల బస్తాలను అదే గదిలో నుంచిన చెమ్మయు ఉప్పును తగిలి మొలకశక్తి తగ్గును.

మనుష్యులకిది భయంకరమైన విషము కాదు. అయినను గాయములపై పడిన మండును. ధూళి గొంతును గీరును. చల్లువారు చేతులకు తొడుగులు వేసికొని, ముక్కునకు తువాలు చుట్టుకొని, గాలి వాటమును వెనుక నుంచుకొని నడువవలెను. కంటిలో పడినచో నలుపరాదు. రెప్పలను విప్పిపట్టి, ధారగ మంచినీరు పావుగంటసేపు పోసి, మంట తగ్గకున్న వైద్యుని యొద్దకు పోవలెను. చూచుటకు పంచదారవలె ఉప్పువలె నుండును గనుక వంటయింటి డబ్బాలలో పోసి యుంచుట బొత్తిగ కూడదు.

పశువుల విషయములోనే నిజమైన భయమున్నది. ఉప్పురుచికి ఆశపడి గొడ్లును మేకలును చిందిన ఎరువును నాకును. కరగించిన నీళ్ల బాన మూతలేక యున్నచో దప్పిగొన్న యెద్దు ఒక్క గ్రుక్కలో హెచ్చుగ త్రాగును. అమోనియా రక్తమున జేరి, చొంగ కార్చి, కడుపుబ్బి, వణకుచు, తూలుచు, ఊపిరాడక కొన్ని గంటలలోనే చచ్చును. ఒక రైతు కుడితి తొట్టిలో ఎరువు గోతమును జాడించి, ఆ నీటిని పాఱబోయక పొలము పోయెను. మరలి వచ్చునప్పటికి సూడి గేదె పడియున్నది. పశువైద్యుడు వచ్చులోపలనే ప్రాణము పోయినది. ఆ యింటి యిల్లాలు చెప్పిన మాట నాకింకను చెవిలో నున్నది: "తొట్టిలో ఉప్పు వేసినారనుకొంటినయ్యా, మంచిదే యనుకొంటిని." పై లక్షణములు కనబడిన తక్షణమే పశువైద్యునికి కబురంపి, పశువు ఏమి తినెనో ఎంత తినెనో విడమఱచి చెప్పవలెను. చేపల చెరువులలోను ఈ గోతములను ఉదుకరాదు. నీటిలో కరగిన అమోనియా చేపకు ప్రాణాంతకము.

కల్తీ సంగతి. కొలిచి గాజు గ్లాసులో కరగించినచో ఇసుక మిగులరాదు. చిటికెడు ఎరువును తడి సున్నముతో అరచేత నలిపిన ఘాటైన వాసన రావలెను. రానిచో అది అమోనియా ఉప్పు కాదు. ఎఱ్ఱగ కాలిన గరిటమీద వేసిన పొగలు వచ్చి చివరకేమియు మిగులరాదు. చిటపటలాడి తెల్లని పలుకులు మిగిలినచో వంట ఉప్పు కలిసినదని అనుమానింపవచ్చును. ఇవి యింటి పరీక్షలే. వీనినిబట్టి యెవరిని దొంగయనరాదు. అనుమానము తోచినపుడు మూటను విప్పినది విప్పినట్లే యుంచి, రసీదుతో వ్యవసాయాధికారికి తెలిపిన, వారు నమూనా తీసి ప్రభుత్వ పరీక్షాలయమునకు పంపుదురు. రసీదు లేనివాని మాటకు అచ్చట విలువ లేదు.

ఇక వట్టి గోతములు. వడ్లును పప్పును పోసికొనుటకు వీనిని వాడరాదు. కడిగి పట్టాగనో పందిరిమీద నీడకో వేసికొనవచ్చును. మూడు నీళ్లలో ముంచి జాడించి, ఆ నీళ్లను కుడితి తొట్టికి దూరముగ, పెరటిలోని కొబ్బరిచెట్టు మొదట దూరదూరముగ పోయుడు. గోతము మడతలలో మిగిలిన గుప్పెడును ఆ చెట్టు వాడుకొనును.